ఓపిక అనే మాట
(గిడుగు వెంకట రామమూర్తి స్మారకోపన్యాసం - ముద్రిత పాఠం)

గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పేర ఉపన్యాసం అంటే వాడుక భాష గురించే ఉంటుందని అందరూ అనుకుంటారు. ఆ వాదం తేలిపోయి చాలాకాలమైంది. గెలిచిన పోరాటానికి ఏటేటా మళ్ళీ బాకా ఊదడం నాకంత ఇష్టం లేదు. ఆయన జీవితంలో మనం ఇంకా సరిగా చదవని పేజీ ఒకటుంది. వినికిడి పోయింది. ప్రభుత్వం దగ్గర ఓటమి ఎదురైంది. డెబ్భై మూడో ఏట, బతుకంతా గడిపిన ఊరు వదిలి రావలసి వచ్చింది. అయినా కన్నుమూసే ముందు వారం దాకా ఆ మనిషికి బతుకు మీద ఆసక్తి చావలేదు. ఇదెట్లా జరిగింది? వయసు మీద పడ్డా, కష్టాలు కమ్ముకున్నా జీవితం మీద మనసు విరగకుండా ఉండటం అనే విషయాన్ని ఇవాళ ఆయన్ని ముందు పెట్టుకుని పరిశీలిద్దామని నా ఉద్దేశం.

ముందు మాట సంగతి. ఇలాంటి సభల్లో, పత్రికల్లో, వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లో ఈ గుణాన్ని సానుకూల దృక్పథం అంటున్నారు. అనువాదంలో పుట్టిన మాట అది. ఇంట్లో ఎవరూ 'మా అత్తగారికి సానుకూల దృక్పథం జాస్తి' అనరు. 'మా అత్తగారికి ఓపిక ఎక్కువ' అంటారు. ఈ ఓపికను కాస్త దగ్గరగా చూడండి. 'మేడమెట్లు ఎక్కే ఓపిక లేదు' అన్నప్పుడు అది ఒంట్లో బలం. 'కాస్త ఓపిక పట్టు' అన్నప్పుడు అది మనసులో తాళిమి. 'ఓపికున్నన్నాళ్ళు చేస్తాను' అన్నప్పుడు రెండూ కలిసే ఉంటాయి, ఏది ఎక్కడ ముగిసి ఏది మొదలైందో చెప్పలేం. సంస్కృతంలోంచి తెచ్చుకుంటే శక్తి అనీ సహనం అనీ రెండు మాటలు కావాలి. తెలుగుకు ఒక్కటి చాలింది, ఎందుకంటే దాని వెనక ఉన్న క్రియ ఓపు. ఓపడం అంటే మోయడం, మోయగలగడం. ఓపలేని బరువు, ఓపినంత పని అంటాం కదా. దృక్పథం చూపుకు సంబంధించిన మాట, ఓపిక మోతకు సంబంధించిన మాట. ఒకటి లోకాన్ని ఏ అద్దంలోంచి చూస్తున్నావని అడుగుతుంది, రెండోది నెత్తిన ఏం పెట్టుకున్నావని అడుగుతుంది. రెండో ప్రశ్నే సరైనదని నా వాదం. ముసలితనంలోనూ కష్టంలోనూ మనసును నిలబెట్టేది లోకం బాగుందన్న నమ్మకం కాదు. తానై ఎత్తుకున్న పని ఒకటి ఉండటం, అది తనతో ఆగిపోకూడదన్న పట్టు ఉండటం. ఇది స్వభావం వల్ల కొందరికి దక్కే వరమని మనం అనుకుంటాం. నాకు మాత్రం అది పని వల్ల పుట్టేదిగానే కనిపిస్తోంది.

పంతులుగారి జీవితాన్ని సాక్ష్యంగా పిలుస్తాను. 1863 ఆగస్టు 29న వంశధార ఒడ్డున, ముఖలింగానికి దగ్గర్లోని పర్వతాలపేటలో పుట్టారు. పన్నెండో ఏట తండ్రి పోయారు. విజయనగరంలో మేనమామ ఇంట ఉండి మెట్రిక్యులేషన్ ముగించి, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో నెలకు ముప్ఫై రూపాయల జీతం మీద ఉపాధ్యాయుడిగా చేరారు. పాఠాలు చెబుతూనే పై పరీక్షలకు చదివి బి.ఏ. దాకా వచ్చారు. శాసనాల లిపులు నేర్చుకున్నారు, ముఖలింగమే పూర్వపు కళింగనగరమని వాదించారు. ఇంతవరకూ తెలివైన బడిపంతులు కథ, అంతే. అసలు కథ పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండల్లోంచి దిగివచ్చే సవరలతో మొదలవుతుంది. వాళ్ళ భాషకు అప్పటికి రాత లేదు, వ్యాకరణం లేదు, బడిపుస్తకం లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆయన ఆ భాష నేర్చుకున్నారు. పుస్తకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు పెట్టారు, పంతుళ్ళకు జీతాలిచ్చారు. ఆ కొండల్లో తిరిగినందుకు జ్వరం పట్టింది, జ్వరానికి క్వినైన్ వాడారు, క్వినైన్ చెవులు తీసుకుపోయింది. మోతాదు మించితే చెవుల్లో హోరు పుట్టించి వినికిడిని దెబ్బతీయడం ఆ మందుకున్న గుణం.

ఇక్కడ కొంచెం ఆగాలి. చెవుడు ఎవరికైనా కష్టమే. భాషాశాస్త్రం చేసేవాడికి అది ఒడ్రంగికి చెయ్యి పోవడం లాంటిది. పైగా సవర మన తెలుగు లాంటిది కాదు. తెలుగు ద్రావిడ భాష, సవర ముండా కుటుంబానికి చెందింది. గొంతు దగ్గర గాలిని ఠక్కున ఆపి పలికే శబ్దం అందులో ఉంది. తెలుగు లిపిలో దానికి గుర్తు లేదు, తెలుగు చెవికి అది పట్టుబడటం కష్టం. అచ్చు పొట్టిదా పొడుగుదా అన్నది కూడా చెవి పట్టుకోవాలి. 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసిన ఆయన సవర వ్యాకరణాన్ని తీసి పేరు చూడండి. సవర అన్న పేరునే సవరలు పలికినట్టు 'సోరా' అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, 'సో'లో అచ్చు పక్కన రెండు చుక్కలు, 'రా'లో అచ్చు పక్కన మరో రెండు చుక్కలు పెట్టారు. ఆ చుక్కలు దీర్ఘానికి గుర్తు. పుస్తకం లోపలికి వెళ్ళకముందే, అట్ట మీద, ఒక జాతి పేరు సాగదీసి పలకాలన్న పట్టింపు అది. ఆ చుక్కలు పెట్టిన మనిషికి వినికిడి లేదు. నిఘంటువు 1938లో వచ్చింది, అప్పటికి ఆయనకు డెబ్భై ఐదో ఏడు. మొదలుపెట్టిన నాటి నుంచి లెక్కేస్తే ముప్ఫై అయిదేళ్ళకు మించిన పని. ఎట్లా సాధ్యమైంది? ధ్వనిశాస్త్రం చెవి ఒక్కదాని మీదే నడవదు; నాలుక ఎక్కడ తగిలింది, పెదవి ఎప్పుడు మూసుకుంది, గొంతు ఎక్కడ బిగిసింది అన్నవి పలికే నోటిని చూసీ, తన నోటితో పలికీ తెలుసుకోవచ్చు. కొడుకు సీతాపతిగారు కూడా సవర నేర్చుకుని ఆ పనిలో తోడయ్యారు. అంటే ఒకరి చెవి పోయినా పని ఆగకుండా ఇంట్లో ఇంకో చెవి తయారైంది. వారసత్వం అంటే ఆస్తి అనుకునే మనకు ఇది వింతగా ఉంటుంది.

ఇక రెండో దెబ్బ. బడిపిల్లల వ్యాసరచనలో వాడుక భాషను ఒప్పుకోవాలన్న వాదాన్ని రామమూర్తి, గురజాడ, శ్రీనివాస అయ్యంగారు, పాఠశాలల తనిఖీ అధికారి యేట్స్ కలిసి ఎత్తుకున్నారు. మొదట కొంత గెలుపు కనిపించింది. తర్వాత జయంతి రామయ్య పంతులుగారి నాయకత్వాన గ్రాంథికవాదులు ఎదురుతిరిగారు. ఆంధ్ర సాహిత్య పరిషత్తు వాళ్ళ కోట. మద్రాసు విశ్వవిద్యాలయం సంఘంలో వాడుక భాష పక్షం ఓడింది. గురజాడ తన అసమ్మతిని 1914లో పెద్ద పత్రంగా రాసి పెట్టారు. ఇచ్చిన వెసులుబాటును సర్కారు వెనక్కి తీసుకుంది. 1915 నవంబరు 30న గురజాడ పోయారు. అప్పటికి రామమూర్తిగారికి యాభై రెండేళ్ళు. బడి ఉద్యోగం నుంచి విరమించారు, చెవులు లేవు, చిన్నప్పటి సహాధ్యాయి గురజాడ లేడు, వాదం వీగిపోయింది. మన లెక్కల ప్రకారం మనిషి కృష్ణా రామా అనుకుంటూ మూల కూర్చోవలసిన సందర్భం సరిగ్గా ఇదే.

ఆయన అప్పుడు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. గ్రాంథికం రాస్తున్నామని చెప్పుకునే పండితుల రచనల్లోంచే వ్యాకరణ దోషాలు ఏరి చూపించారు. ఆ విమర్శ గ్రంథం పేరు 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం'. శాసనాల దగ్గర్నుంచి పాత వచనాన్ని తవ్వి తీసి, వాడుక మాట ఏ కాలంలోనూ అంటరానిది కాదని నిరూపించే 'గద్య చింతామణి' కూర్చారు. 1919లో 'తెలుగు' అనే మాసపత్రిక పెట్టారు, అది ఏడాది పాటే నడిచింది. ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చారు. ఎదుటివాళ్ళ ప్రశ్న తనకు వినిపించని సభలో నిలబడి వాదించడం ఎట్లాంటిదో ఊహించుకోవచ్చు. ఈ రచనల్లో కనిపించేది ప్రశాంతత కాదని చెప్పాలి. వైద్యుల్ని, మందును ఎగతాళిగా పట్టుకొచ్చిన ఆ శీర్షికే ఆయన కోపానికి సాక్షి. ఆశావాది అంటే ఎప్పుడూ చిరునవ్వుతో ఉండేవాడన్న బొమ్మ ఈయనకు అతకదు. కోపమున్నా, విసుగున్నా, ఓడినా ఓపిక ఉండవచ్చు. ఈ తేడా తెలియకే మనం చాలామంది గట్టి ముసలివాళ్ళను చాదస్తులని కొట్టిపారేస్తుంటాం.

1919లో ఇంకొక సంగతి జరిగింది. నాకు అది రామమూర్తిగారి కృషి కంటే కూడా ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఆధునిక తెలుగు వచనానికి దారి వేసిన మనిషి, ఆ వచనం గ్రాంథికం. నలభై ఏళ్ళకు పైగా రాసిన రాత, కట్టుకున్న కీర్తి అంతా ఆ భాషలోనే ఉంది. డెబ్భై ఏళ్ళ వయసు, ఎడతెగని ఉబ్బసం, 1910లో భార్య రాజ్యలక్ష్మమ్మగారు పోయిన ఒంటరితనం. ఆ దశలో ఆయన వాడుక భాష పక్షానికి వచ్చి, వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షులయ్యారు. రామమూర్తిగారు కార్యదర్శి. ఆ సంవత్సరమే మే 27న వీరేశలింగంగారు కన్నుమూశారు. అధ్యక్ష పదవి అనుభవించింది కొద్ది నెలలే. డెబ్భై ఏళ్ళప్పుడు అభిప్రాయం మార్చుకోవాలంటే, తన పాత రచనలన్నిటికీ తానే ఎదురు నిలవాలి. ఇక మిగిలింది నాలుగు రోజులే అనుకున్నవాడు ఆ శ్రమ పెట్టుకోడు. రేపు అనేది ఒకటుందనీ, అది తనది కాకపోయినా ఫరవాలేదనీ అనుకున్నవాడే పెట్టుకుంటాడు.

'వీళ్ళు దీర్ఘాయుష్మంతులు కాబట్టి ఈ మాట చెల్లింది' అనేవారుంటారు. అందుకే గురజాడను మళ్ళీ తలుచుకోవాలి. ఆరోగ్యం ఎన్నడూ సరిగా లేని మనిషి, యాభై మూడేళ్ళకే పోయారు, తన పక్షం ఓడిపోవడం చూసి పోయారు. మనసు గట్టిగా ఉంటే ఆయుష్షు పెరుగుతుందన్న సూత్రానికి ఆయన ఎదురు ఉదాహరణ. నేను ఆ సూత్రం మీద నా వాదాన్ని నిలబెట్టడం లేదు, నిలబెట్టకూడదు కూడా. పరిశోధనలు ఈ విషయంలో ఏం చెబుతున్నాయో చూడండి. అమెరికాలో బెకా లెవీ అనే శాస్త్రవేత్త బృందం 2002లో ఒక అధ్యయనం ప్రకటించింది. ఒహాయో రాష్ట్రంలోని ఒక చిన్న ఊళ్ళో యాభై దాటిన 660 మందిని తమ ముసలితనం గురించి ఏమనుకుంటున్నారని అంతకు ఇరవై ఏళ్ళ పైచిలుకు ముందే అడిగి పెట్టుకున్నారు. మంచిగా చెప్పుకున్నవాళ్ళు మిగతావాళ్ళ కంటే సుమారు ఏడున్నరేళ్ళు ఎక్కువ బతికారు. ఈ ఏడున్నరేళ్ళ అంకె ప్రపంచమంతా తిరిగింది. కానీ ఒంట్లో బాగున్నవాడికే ముసలితనం బాగుందనిపిస్తుందేమో అన్న అనుమానం, పరిశోధకులు ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా, పూర్తిగా తీరదు. 2007లో జేమ్స్ కోయిన్ బృందం తల, మెడ క్యాన్సర్ రోగులు వెయ్యి మందికి పైగా ఉన్న సమాచారాన్ని పరిశీలించి, మనసు ఉల్లాసంగా ఉండటానికీ ఎక్కువకాలం బతకడానికీ సంబంధం కనిపించలేదని తేల్చింది. ధైర్యంగా ఉంటే జబ్బు తగ్గుతుందని మంచం పక్కన కూర్చుని చెప్పే బంధువులు ఈ రెండో అధ్యయనం సంగతి కూడా తెలుసుకోవాలి. తగ్గకపోతే ఆ రోగి తన ధైర్యమే చాలలేదేమోనని కుమిలిపోతాడు. జబ్బు ఒకటి, నింద ఒకటి.

నా వాదానికి పనికొచ్చే ప్రయోగం వేరే ఉంది. 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ కనెక్టికట్ రాష్ట్రంలోని ఒక వృద్ధాశ్రమంలో దాన్ని చేశారు. ఒక అంతస్తులో ఉన్నవాళ్ళతో గది ఎట్లా సర్దుకోవాలో, సినిమా ఏ రాత్రి చూడాలో మీరే తేల్చుకోండి అన్నారు. తలా ఒక మొక్క ఇచ్చి దాని బాగోగులు మీవే అన్నారు. మరో అంతస్తులో వాళ్ళకూ మొక్కలిచ్చారు, అయితే నీళ్ళు సిబ్బంది పోస్తారని చెప్పారు. సిబ్బంది ఆదరణలో తేడా లేదు, తేడా అంతా నిర్ణయం, బాధ్యత ఎవరివన్న దాంట్లోనే. మూడు వారాల్లోనే మొదటి అంతస్తువాళ్ళు ఎక్కువ చురుగ్గా, ఎక్కువ హుషారుగా కనిపించారు. ఏడాదిన్నర తర్వాత ఆ అంతస్తులో మరణాలు కూడా తక్కువని రాశారు గానీ, లెక్కలు సరిచేసి చూస్తే ఆ తేడా మొదట చెప్పినంత గట్టిది కాదని తేలింది. ప్రయోగం చిన్నది కూడా. కాబట్టి చావు లెక్కను వదిలేద్దాం. మూడు వారాల మార్పు చాలు నాకు. అక్కడ ఎవరూ ఎవరి దృక్పథాన్నీ మార్చలేదు, చిన్న చిన్న నిర్ణయాలూ, మొక్కకు నీళ్ళు పోసే బాధ్యతా చేతిలో పెట్టారు, అంతే.

ఇప్పుడు మన ఇళ్ళు చూద్దాం. మనం ప్రేమతో చేసే పని ఏమిటి? ఆ రెండో అంతస్తు పనే. పెద్దావిడ చేట ముందేసుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే, 'నీకెందుకమ్మా, కళ్ళు కనపడవు, మేం చూసుకుంటాం' అని చేట లాక్కుంటాం. చింతపండులో గింజలు తీసే పని, ఆవకాయలో ఉప్పు ఎంత పడాలో చెప్పే పని, పిల్లవాడికి అన్నం పెట్టే పని ఒక్కొక్కటిగా చేతుల్లోంచి జారిపోతాయి. పెద్దాయన దగ్గర బ్యాంకు పుస్తకం, కరెంటు బిల్లు, పొలం కౌలు లెక్క తీసేసుకుంటాం. సౌకర్యంగా ఉంటుంది, వాళ్ళకూ మనకూ. తర్వాత ఏడాది తిరక్కుండానే 'ఈయనకు దేని మీదా ఆసక్తి లేదు' అని డాక్టరుతో చెబుతాం. మోత తీసేశాక ఓపిక ఎక్కడ నిలుస్తుంది? ఉద్యోగం చేసే ఇళ్ళలో విరమణ రోజున శాలువా కప్పి, పూలదండ వేసి, ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి అంటారు. మంచి మాటే. కానీ రామమూర్తిగారు బడి వదిలాక ఇరవై తొమ్మిదేళ్ళు బతికారు. సవర వ్యాకరణం, నిఘంటువు, గద్య చింతామణి ఆ కాలంలో అచ్చయినవే.

ఒక బలమైన ఆక్షేపణ ఉంది. చదువుకున్నవాడు, పేరున్నవాడు, జరుగుబాటు ఉన్నవాడు తనకిష్టమైన పని చేసుకుంటూ పోతే అదేం గొప్ప? పేదవాడికి మోతకు కొదవేముంది? అరవై అయిదేళ్ళ ముసలమ్మ నడుం వంచి ఇంకా నాట్లు వేస్తోంది. ఆమెకు కావలసింది మోత కాదు, విశ్రాంతి. నిజం. మోతలు రెండు రకాలు, తానెత్తుకున్నది ఒకటి, ఎవరో నెత్తిన పడేసింది ఒకటి. రెండోదాన్ని ఓపిక పేరుతో పొగడటం దుర్మార్గం. కేంద్ర ప్రభుత్వం వృద్ధాప్య పింఛనులో తన వాటాగా అరవై నుంచి డెబ్భై తొమ్మిదేళ్ళ వాళ్ళకు ఇచ్చేది నెలకు 200 రూపాయలు, ఎనభై దాటితే 500. రాష్ట్రాలు పైన కలపబట్టి సరిపోతోంది; ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి నెలకు 4,000 అందుతోంది. 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో అరవై దాటినవాళ్ళు పది కోట్లకు పైన ఉన్నారు. వీళ్ళలో చాలామందికి కంటికి శుక్లం తీయించాలి, చెవికి వినికిడి యంత్రం కావాలి, మోకాళ్ళకు మందు కావాలి. వినికిడి యంత్రం ఇవ్వవలసిన చోట ఓపిక మీద ఉపన్యాసం ఇవ్వకూడదు. రామమూర్తిగారు చెవుడు రావడం వల్లే గొప్పవారయ్యారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చెవులుంటే ఆ నిఘంటువు ఇంకా ముందే వచ్చేది, ఇంకా బాగుండేది. కష్టం మనిషిని సానపెడుతుందన్న మాట కష్టం లేనివాళ్ళు కల్పించుకున్న ఓదార్పు.

అయితే పింఛను ఇచ్చేస్తే సరిపోతుందా అంటే, అదీ కాదు. కడుపు నిండి, మందు దొరికి, చెయ్యడానికేమీ లేక గోడకేసి చూస్తూ కూర్చున్న ముసలితనం మధ్యతరగతి ఇళ్ళల్లో, పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళల్లో మనకు కనిపిస్తూనే ఉంది. డబ్బు లేకపోతే ఓపిక నశిస్తుంది, నిజమే, కానీ డబ్బుతోనే అది రాదు. ఇక వైరాగ్యం సంగతి. ముసలితనం వదులుకోవలసిన కాలమనీ, ఇంకా పనీ పట్టుదలా అంటూ అంటిపెట్టుకోవడం మోహమనీ కొందరు పెద్దలంటారు. ఏం వదులుకోవాలన్నదే ప్రశ్న. పెత్తనం వదులుకోవచ్చు, ఫలితం మీద ఆశ వదులుకోవచ్చు. సవర పుస్తకాలకు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బు సవరల బడికి పెట్టమన్నారని రామమూర్తిగారి గురించి చెబుతారు. వదులుకోవలసింది వదులుకోవడం అంటే అదే. పని వదిలిపెట్టి పెత్తనం మాత్రం పట్టుకుని వేళ్ళాడే ముసలితనమే మనకు ఎక్కువ కనిపిస్తుంది, దానికి వైరాగ్యమని పేరు పెట్టలేం.

1936 ఏప్రిల్‌లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది, పర్లాకిమిడి అందులోకి పోయింది. యాభై అయిదేళ్ళు బతికిన ఊరు వదిలి రామమూర్తిగారు రాజమహేంద్రవరం చేరుకున్నారు. చిత్రమేమిటంటే అదే ఏడాది సవరల్లో మంగేయ గొమాంగో అనే ఆయన తమ భాషకు సొంత లిపి తయారు చేశారు. సొరాంగ్ సొంపెంగ్ అంటారు దాన్ని. రామమూర్తిగారి చుక్కలను ఆ లిపి వాడుకోలేదు. ఆయన ఏ జాతి భాషను కాగితం మీదికి తెచ్చారో ఆ జాతి తన దారి తాను వేసుకుంది. పని తనతో ఆగిపోకూడదని కోరుకునేవాడు దీనికి కూడా సిద్ధపడాలి: మన తర్వాత పని సాగుతుంది, మన పద్ధతిలోనే సాగాలని లేదు. వాడుక భాష సంగతికొస్తే, ఆంధ్ర సాహిత్య పరిషత్తు 1924లోనే దాని మీద నిషేధం ఎత్తేసింది. పర్లాకిమిడిలో ఆయన దగ్గర చదువుకున్న తాపీ ధర్మారావుగారు 'జనవాణి' పత్రికను వాడుక భాషలో నడిపారు. ఇవి ఆయన కళ్ళతో చూసిన గెలుపులు. చూడని గెలుపులు ఇంకా చాలా ఉన్నాయి. ఇవాళ నేను మాట్లాడుతున్న ఈ తెలుగు వాటిలో ఒకటి.

ఇక సామాన్యుడికి ఎత్తుకోవడానికేముంది అన్న ప్రశ్న మిగిలింది. దానికి జవాబు భద్రిరాజు కృష్ణమూర్తిగారి పర్యవేక్షణలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశంలో ఉంది. 1962లో వ్యవసాయ పదాల సంపుటం, 1971లో చేనేత పదాల సంపుటం వచ్చాయి. జిల్లా జిల్లాకూ వెళ్ళి రైతుల్ని, నేతగాళ్ళను కూర్చోబెట్టి, దీన్ని మీ ఊళ్ళో ఏమంటారని అడిగి రాసుకున్న మాటలు అవి. మేడి, కర్రు, పగ్గం; ఏతాం, గూడ, మోట; పడుగు, పేక, నాడె, కండె. ఆ పుస్తకాల అసలు రచయితలు బడి ముఖం చూసినవాళ్ళో చూడనివాళ్ళో మనకు తెలియదు, వాళ్ళ దగ్గరున్నది పండితుడి దగ్గర లేనిది. మోట కొట్టిన బావి ఇవాళ లేదు, మోటలో ఏ భాగాన్ని ఏమంటారో తెలిసిన మనిషి ఎనభై ఏళ్ళ వయసులో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన నెత్తిన ఒక మోత ఉంది. దించుకుందామంటే అడిగేవాడు లేడు. ఊరి ప్రతి ముసలమ్మ దగ్గరా వంట మాటలు, పురిటి మందులు, పొలం గట్ల పేర్లు, ఇంటిపేర్ల కథలు ఉన్నాయి. ఇది జాలి మాట కాదు. నిజంగానే మనకు అవి కావాలి, వాళ్ళతో పాటే పోతున్నాయి కూడా. మనకు అక్కరలేని పనిని అక్కర ఉన్నట్టు నటించి చేతిలో పెడితే పెద్దవాళ్ళు ఇట్టే పసిగడతారు. మొక్క నిజంగా ఎండిపోయేదై ఉండాలి.

1940 జనవరి 15న మద్రాసులో 'ప్రజామిత్ర' కార్యాలయంలో రామమూర్తిగారు పత్రికల సంపాదకుల ముందు తన చివరి విన్నపం చేశారు. తన ఆరోగ్యం గురించి గానీ, తనకు రావలసిన గౌరవం గురించి గానీ కాదు. పత్రికలు జనం మాట్లాడే భాషలో రావాలని. వారం తిరిగేసరికి, జనవరి 22న, కన్నుమూశారు. ఆయన పేరిట జరిగే ఈ సభ నుంచి నేను కూడా ఒక విన్నపం చేసి సెలవు తీసుకుంటాను. ఈ పండక్కి ఊరు వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళను 'ఎలా ఉన్నారు, మందులు వేసుకుంటున్నారా' అని అడిగి ఊరుకోకండి. ఒక నోటుపుస్తకం తీసుకెళ్ళండి. అటక మీద ఉన్న పాత సామానేదైనా కిందికి దించి ముందు పెట్టి, దీన్ని ఏమంటారని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి.